విడుదల తేదీ దగ్గర పడుతుంటే నాకు టెన్షన్

జైల్లో ఖైదీలకు మత్తు మానడం మీద కౌన్సెలింగ్ ఇస్తానని చెప్తే చాలామంది అనే మాట ఒకటే: "లోపల దొరకదు కదా, వాళ్లే మానేస్తారులే." ముందు ఒక సంగతి, దొరుకుతుంది. బయటంత సులువుగా కాదు, కానీ దొరుకుతుంది. అయినా నన్ను ఎక్కువ భయపెట్టేది లోపల వాడేవాళ్లు కాదు, నిజంగానే మానేసినవాళ్లు.

కొత్తగా వచ్చినవాళ్ల సమస్య వేరు. రోజూ విపరీతంగా తాగే మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో ఒళ్లంతా వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం మొదలవ్వచ్చు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. అక్కడ నా మాటలతో పనిలేదు, డాక్టర్ కావాలి. "నాటకాలాడుతున్నాడు" అనే గార్డుకి నచ్చజెప్పి డాక్టర్ దగ్గరికి పంపించడమే నేను చేసేది.

అసలు పని శిక్ష చివరి నెలల్లో ఉంటుంది. మొన్న ఒకాయన, ఒకప్పుడు హెరాయిన్ వాడినవాడు, కుర్చీలో వెనక్కి వాలి ధీమాగా అన్నాడు.

"నాకిక ఆ గొడవే లేదు మేడమ్. ఏడాదిన్నర అయింది ముట్టి."

"చాలా మంచి మాట. సరే, బయటికెళ్లాక ఎప్పుడైనా ఒక్కసారి మనసు లాగిందనుకోండి. ఎంత తీసుకుంటారు?"

"ఎంతేంటి మేడమ్, ఎప్పుడూ తీసుకున్నంతే."

ఆ 'ఎప్పుడూ తీసుకున్నంతే' దగ్గరే మనుషులు పోతారు. మనసుకి పాత లెక్క గుర్తుంటుంది, ఒంటికి ఆ అలవాటు పోయి ఉంటుంది. అప్పట్లో తట్టుకున్న డోసే ఇప్పుడు ఊపిరి ఆపేస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైన 30 వేల మందికి పైగా ఖైదీల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం అక్కడి మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు ఉందని తేలింది. ఈ అంకె ఆయనకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది ఇంతవరకు నాకెవరూ చెప్పలేదే" అన్నాడు, కొంచెం కోపంగానే.

అప్పుడు కాగితం తీస్తాను. గేటు దాటిన మొదటి రోజుని గంట గంటకీ రాయిస్తాను. తీసుకెళ్లడానికి ఎవరొస్తారు? ఎవరూ రాకపోతే ఏ దారిన వెళ్తారు? ఆ దారిలో పాత జోడీ ఎవరైనా ఉన్నారా? రాత్రి పడక ఎక్కడ? చాలామంది మధ్యాహ్నం దాకా టకటకా రాసేస్తారు. సాయంత్రం ఆరు దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. ఆగిన ఆ చోటు గురించే మా తర్వాతి సెషన్లన్నీ. 'మత్తుకు దూరంగా ఉండండి' అనే గోడ పోస్టర్లు ఎవరి కోసం అంటిస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

మందుల మాటెత్తితే ఇంకో తలనొప్పి. హెరాయిన్ లాంటివి మానడానికి వాటి బదులు డాక్టర్లు ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులు ఇస్తే "ఒక మత్తు తీసి ఇంకోటి పెట్టడమేగా" అనే అధికారులు ఇప్పటికీ ఉన్నారు. కాదండీ. డాక్టర్ చూసుకుంటూ సరైన మోతాదులో ఇస్తే తహతహ తగ్గుతుంది, చావులూ తగ్గుతాయి. ఓవర్‌డోస్‌లో ఆగిపోతున్న ఊపిరిని వెనక్కి తెచ్చే నాలోక్సోన్ స్ప్రేని విడుదలయ్యే మనిషి చేతిలో పెట్టి పంపాలని నేను పోరుతూనే ఉంటాను. అది తనకు తాను కొట్టుకునేది కాదు, కాబట్టి వాడటం ఇంట్లోవాళ్లకీ నేర్పాలి.

ఇక శుక్రవారం. వారాంతం ముందు సాయంత్రం వదిలేస్తే సోమవారం దాకా క్లినిక్ ఉండదు, సాయం చేసే ఆఫీసూ ఉండదు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ ఇబ్బంది చూసే 2023లో చట్టం తెచ్చారు. అవసరమైనవాళ్లను ఒకటి రెండు పనిదినాలు ముందుగా వదలొచ్చు. అలాంటి వీలు లేని చోట నాలాంటివాళ్లు క్యాలెండర్ ముందేసుకుని కూర్చోవాల్సిందే. తేదీ శుక్రవారం పడిందంటే, సోమవారం దాకా సరిపడా మందు రాసిమ్మని ముందువారం నుంచే డాక్టర్ వెంట పడతాను. నన్ను చూడగానే ఆయన "మళ్లీ శుక్రవారమా?" అంటున్నారు ఈమధ్య.