కుర్చీ భయం

స్నూకర్ మ్యాచ్‌లో దాదాపు సగం సేపు ఆటగాడు ఆడడు, కూర్చుంటాడు. అవతలివాడు ఆడుతున్నంతసేపూ క్యూ, అంటే ఆడే కర్ర, పట్టుకుని, గ్లాసులో నీళ్లు చప్పరిస్తూ, అతను ఎప్పుడు మిస్ చేస్తాడా అని చూడటమే పని. కబడ్డీలోనో బ్యాడ్మింటన్‌లోనో టెన్షన్ వస్తే పరిగెత్తొచ్చు, అరవొచ్చు, చెమట పడితే కొంత దిగుతుంది. ఇక్కడ కదలడానికి లేదు. పైగా పెద్ద మ్యాచ్ అయితే వెయిస్ట్‌కోటు, మెడకు బో టై. నాకొచ్చిన జబ్బు ఆ కుర్చీలోనే మొదలైంది. టేబుల్ దగ్గరికి తర్వాత పాకింది.

మాది భీమవరం దగ్గర కాళ్ల మండలంలో ఒక ఊరు. నాన్నగారికి రొయ్యల చెరువులు. ఇంటర్ చదివే రోజుల్లో భీమవరంలో ఒక పార్లర్‌లో ఈ ఆట పట్టుకుంది. స్నూకర్ అంటే మావైపు ఇప్పటికీ మంచి పేరు లేదు. సిగరెట్లూ పందేలూ ఉండే చోటని మా పెదనాన్న గట్టి నమ్మకం. పూర్తిగా తప్పని కూడా అనలేను. సంక్రాంతికి కోళ్ల మీద కాసినట్టే మిగతా రోజుల్లో మా మీద కాసేవాళ్లు.

డెల్టాలో స్నూకర్ ఆడటం వేరే విద్య. ఎప్పుడూ గాల్లో తేమ. వానాకాలంలో టేబుల్ మీద గుడ్డ చెమ్మ పట్టి బరువెక్కుతుంది, బంతి ఈడ్చుకుంటూ పోతుంది. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ఓనర్ నాతో ముందు బ్రష్ కొట్టించేవాడు. ఆ తర్వాత వేడి చేసిన ఇస్త్రీపెట్టెను బాల్క్ వైపు నుంచి, అంటే ఆట మొదలెట్టే కొస నుంచి, నల్ల బంతి ఉండే బ్లాక్ వైపుకి, ఒకే దిశలో లాగాలి. ఎదురు లాగితే నూగు లేచి బంతి పక్కకు పోతుంది. టీవీలో చూసే టోర్నమెంట్ టేబుళ్లకు పలక కింద హీటర్లుంటాయి, ఈ గొడవ లేదు. మాకు అవేమీ లేవు కాబట్టి గట్టిగా కొట్టడం అలవాటైంది. హైదరాబాద్ వెళ్లాక ఏసీ హాల్లో నా క్యూబాల్, మేం కొట్టే తెల్ల బంతి, టేబుల్ అంతా తిరిగొచ్చేది. చేతి బరువు మార్చుకోవడానికే చాలా కాలం పట్టింది.

అయినా మార్చుకున్నాను. ఒక క్లబ్‌లో పిల్లలకు నేర్పుతూ, టోర్నమెంట్లు ఆడుతూ, ఇదే నా పని అనుకునే స్థితికి వచ్చాను. బ్యాంకాక్‌లో జరిగే క్యూ స్కూల్‌కి వెళ్లాలని ఆశ. అందులో నెగ్గితే ప్రొఫెషనల్ టూర్ కార్డు వస్తుంది. రెండు సీజన్లు ఉంటుంది. ఆ లోపల ర్యాంకింగ్‌లో మొదటి 64 మందిలోకి చేరకపోతే చాలామందికి మళ్లీ మొదటికే. ఒక చెరువు పంట డబ్బు మొత్తం నామీద పెట్టడానికి నాన్నగారు సిద్ధమయ్యారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా నిద్ర తగ్గింది. అప్పుడు ఆ రెంటికీ సంబంధం కట్టలేదు.

ఒక టోర్నమెంట్లో మ్యాచ్ చివరి ఫ్రేమ్, అంటే చివరి రౌండు. అవతలి కుర్రాడు బ్రేక్ కడుతున్నాడు, అంటే వరసగా బంతులు వేసుకుంటూ పోతున్నాడు, నేను కుర్చీలో ఉన్నాను. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. ఊపిరి అందలేదు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి, ఆ తర్వాత పెదాలు. ఇక్కడే పోతానేమో అనిపించింది. చుట్టూ ఎవరికీ ఏమీ తెలియలేదు, నేను బుద్ధిగా కూర్చునే ఉన్నాను కదా. కుర్రాడు మిస్ చేశాడు. నాకు మిగిలింది స్పాట్ మీదున్న బ్లాక్, దాదాపు తిన్నగా, కళ్లు మూసుకుని వేసేది. క్యూ వెనక్కి లాగాను. వెనక్కి వెళ్లిన చెయ్యి ముందుకు రాలేదు. అక్కడే బిగుసుకుపోయింది. బలవంతంగా పొడిస్తే బ్లాక్ పాకెట్ దవడలకు కొట్టుకుని బయటికొచ్చింది.

"ఆట ఉంది గానీ గుండె లేదు" అని వెనకాల ఎవరో అన్నారు. ఆ మాట చాలా కాలం నాతోపాటు తిరిగింది.

తర్వాత ప్రతి మ్యాచ్‌లోనూ అదే. మ్యాచ్‌లోనే కాదు, ఆర్టీసీ బస్సులో, సినిమా హాల్లో, మంగలి కుర్చీలో కూడా. మళ్లీ వస్తుందేమో అన్న భయమే దాన్ని తెచ్చిపెట్టేది. ఒంటరిగా ప్రాక్టీస్ చేస్తే బ్రేకులు వచ్చేవి. పక్కన ఒక మనిషి నిలబడితే చెయ్యి ఆగిపోయేది. ఒక్కో టోర్నమెంటూ మానేస్తూ, చివరికి నడుం నొప్పని చెప్పి ఇంటికొచ్చేశాను.

ఇంట్లో వైద్యాలు మొదలయ్యాయి. అమ్మ గ్యాస్ అంది, వాము నీళ్లు తాగించింది. తర్వాత దిష్టి అంది, మావుళ్లమ్మ గుడికి తీసుకెళ్లింది. గుడిలో కాసేపు బాగానే ఉన్న మాట నిజం. గుండె డాక్టర్ దగ్గర ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్ష, అన్నీ నార్మల్. ఆ రిపోర్టులు పట్టుకుని సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. జబ్బు లేకపోతే మరి నాకేమిటిది? ఒక మందుల షాపువాడు చీటీ అడక్కుండా నిద్రమాత్రలు ఇచ్చాడు. వాటితో పడుకున్నాను గానీ మర్నాడంతా చెయ్యి సీసం పోసినట్టుండేది.

రొయ్యల చెరువున్న ఇంట్లో రాత్రి మెలకువగా ఉండటం వింతేమీ కాదు. పగలు నీళ్లలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది, అందుకే తెల్లారగట్ల డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. నాన్నగారు ఆ టైములోనే లేచి చూసుకుంటారు. నిద్రపట్టక గట్టు మీద తిరుగుతున్న నన్ను ఒక రాత్రి పట్టుకున్నారు.

"ఏరా, నడుం నొప్పోడివి, ఈ టైములో గట్టు మీదేంటి?"

"నడుం నొప్పి కాదండి."

మీటర్ నీళ్లలోకి దింపి, టార్చి వేసి చూసి, "మూడున్నర చూపిస్తోంది, రెండో ఏరేటర్ కూడా వెయ్యరా!" అని పాలేరుకి కేకేశారు. తెడ్లు తిరగడం మొదలయ్యాక నావైపు తిరిగారు. కుర్చీ సంగతి, చెయ్యి ఆగిపోవడం, బస్సు ఎక్కలేకపోవడం, అన్నీ చెప్పాను. ధైర్యం తెచ్చుకోమంటారని ఎదురుచూశాను.

"రొయ్య మేత తినట్లేదనుకో, దానికి ధైర్యం లేదని తిడతామా? ల్యాబుకి పట్టుకెళ్తాం" అన్నారు. "నీకేం ల్యాబో కనుక్కో. వెళ్దాం."

కనుక్కున్నాను. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన 14416 టెలిమానస్ నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడారు. రాజమండ్రిలో ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాం. బోర్డు చూసి నాన్నగారు అటూ ఇటూ ఒకసారి చూసుకున్నారు, ఎవరైనా తెలిసినవాళ్లున్నారేమోనని. ఆ తర్వాత నాకంటే ముందు లోపలికి నడిచారు.

డాక్టరమ్మ దాన్ని పానిక్ డిజార్డర్ అన్నారు. వేళ్ల తిమ్మిరి గుండెజబ్బు కాదట. భయంలో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి అలా అవుతుందట. ఒక్కసారిగా వచ్చే ఆ దడ సాధారణంగా పది నిమిషాల్లో పతాక స్థాయికి వెళ్లి తనంతట తనే దిగుతుంది, దాంతో మనిషి చావడు అన్నారు. ఎస్సిటాలోప్రామ్ చిన్న డోసు రాశారు. దాని కింద, మ్యాచ్‌కి ముందు వేసుకోమని ప్రొప్రనలాల్ కూడా.

ఆ రెండో పేరు దగ్గర నేను ఆగిపోయాను. అది బీటా బ్లాకర్. గుండె దడను, చేతి వణుకును తగ్గిస్తుంది. సరిగ్గా అందుకే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా జాబితాలో షూటింగ్, విలువిద్య, గోల్ఫ్, డార్ట్స్‌తో పాటు బిలియర్డ్స్ ఆటలన్నిటిలోనూ దానిపై నిషేధం. మావాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 1980ల్లో కెనడా ఆటగాడు బిల్ వెర్బెన్యుక్ చేతి వణుకు ఆపడానికి మ్యాచ్‌లోనే బీరు మీద బీరు తాగేవాడు, ఈ మందు కూడా వాడేవాడు, దాని మీద పెద్ద గొడవే అయింది. డాక్టరమ్మకు చెప్తే ఫోన్‌లో చూసి, "మంచి పని చేశావు చెప్పి" అని ఆ పేరు కొట్టేశారు. స్టేజ్ భయానికి ఎవరైనా ఆ మాత్ర ఇస్తే, టోర్నమెంట్లు ఆడే కుర్రాళ్లు తమ ఆట పేరు చెప్పడం మర్చిపోకండి.

మిగిలిన మాత్ర కూడా వెంటనే పని చెయ్యలేదు. మొదటి వారం కడుపులో తిప్పింది, దడ కొంచెం పెరిగింది కూడా. ముందే చెప్పారు కాబట్టి మానలేదు. రెండు మూడు వారాలు దాటాక ఒకరోజు మంగలి కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతున్నానని గమనించాను.

అసలు పని సైకాలజిస్ట్ దగ్గర జరిగింది. ఆవిడ దడ తగ్గించడం కాదు, తెప్పించడం నేర్పారు! మెట్లెక్కి దిగమనేవారు, సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చమనేవారు. గుండె కొట్టుకుంటుండగా కుర్చీలో కూర్చుని ఏమీ చెయ్యకుండా ఉండాలి. నీళ్లు తాగకూడదు, నాడి పట్టుకుని చూడకూడదు. అది వస్తుంది, పైకెళ్తుంది, దిగుతుంది. ఈ విద్యను నేను భీమవరం పార్లర్‌కి పట్టుకెళ్లాను. మెట్లు పరిగెత్తి ఎక్కి, వెంటనే స్పాట్ మీద బ్లాక్ వెయ్యడం. మొదట్లో పది వేస్తే నాలుగు కూడా పడేవి కావు. పార్లర్ కుర్రాళ్లు "అన్నకి ఏదో అయింది" అనుకున్నారు. తర్వాత వాళ్లనే పిలిచి కేకలు పెట్టమన్నాను. ఆ పని మాత్రం వాళ్లు ప్రాణం పెట్టి చేశారు.

ఆ రోజుల్లో పెద్దవాళ్ల సంగతులు చదివాను. ఏడుసార్లు ప్రపంచ విజేత స్టీఫెన్ హెండ్రీకి కూడా క్యూ తిన్నగా ముందుకు రాని ఈ చేతి జబ్బు వచ్చింది, దాన్ని యిప్స్ అంటారు. మార్క్ సెల్బీ ప్రపంచ ఛాంపియన్‌గా ఉండగానే, 2022 జనవరిలో, తన మానసిక ఆరోగ్యం బాగాలేదని బయటికి చెప్పాడు. మరుసటి ఏడాది ప్రపంచ ఫైనల్లో 147, అంటే ఒక బ్రేక్‌లో సాధారణంగా వచ్చే గరిష్ఠ స్కోరు, కొట్టాడు, ఆ ఫైనల్ ఓడిపోయాడు కూడా. నాకు 147 కంటే ఆ చెప్పడమే పెద్దగా కనిపించింది. వెనకాల "గుండె లేదు" అన్న మనిషి సెల్బీ గురించి ఏమంటాడో అడగాలనిపించింది, ఎవరో తెలియదు.

మళ్లీ టోర్నమెంట్లు ఆడుతున్నాను. దడ ఇప్పటికీ వస్తుంది. విజయవాడలో ఒక మ్యాచ్‌లో మొత్తం ఫ్రేమంతా కుర్చీలో అది నాతోనే ఉంది. నా వంతు వచ్చినప్పుడు దడతోనే లేచి ఆడాను. రెడ్ పడింది, పింక్ పడింది, తర్వాత రెడ్ తప్పింది. ఆ తప్పింది కూడా కోణం సరిగ్గా చూడక, చెయ్యి ఆగిపోయి కాదు. ఆ మ్యాచ్ ఓడిపోయాను. బయటికొచ్చి నాన్నగారికి ఫోన్ చేసి కోణం గురించి చెప్తుంటే, ఆయనకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా పూర్తిగా విన్నారు.

మాత్ర సగానికి తగ్గించారు. బాగుంది కదా అని నా అంతట నేను ఒక్కసారిగా మానకూడదని, ఇంకొన్ని నెలలు చూసి మెల్లగా ఆపుదామని డాక్టరమ్మ అన్నారు. అమ్మ మాత్రం మావుళ్లమ్మకి మొక్కుకున్నందుకే తగ్గిందంటోంది, మొక్కు తీర్చాం కూడా. క్యూ స్కూల్ డబ్బు వచ్చే ఏడాది కడతానన్నారు నాన్నగారు, ఈ పంటలో రొయ్య 30 కౌంట్‌కి, అంటే కిలోకి 30 తూగేంత పెద్దదానికి, వస్తే. ప్రస్తుతం 60 దగ్గరుంది.