కబుర్లకి కూర్చున్నవాళ్లు, చోటు దొరకనివాళ్లు

ఫాస్ట్ ఫుడ్ రెస్టారెంట్‌లో ఒక డ్రింకు కొనుక్కుని నలుగురు రెండు గంటలు బాతాఖానీ వేస్తుంటే కౌంటర్ వెనక ఉన్నవాళ్లకి చిరాకు రావడం సహజం. కానీ వాళ్లని లేపడానికి వెళ్లేముందు హాలు ఒకసారి కలియజూడాలి. ట్రే పట్టుకుని చోటు వెతుక్కుంటున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేకపోతే ఆ నలుగురి వల్ల పోయిందేమీ లేదు. మూడున్నరకి ఖాళీగా ఉన్న కుర్చీని రాత్రి ఎనిమిదింటి రద్దీకి దాచిపెట్టుకోలేం. రెస్టారెంట్ ఆదాయాన్ని ఒక్కో కుర్చీకి, ఒక్కో గంటకి విడదీసి చూడాలని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం ఆచార్యురాలు షెరిల్ కైమ్స్ 1990ల చివర్లో చెప్పింది ఇందుకే. పైగా మనుషులున్న హాలులోకి కొత్తవాళ్లు ధైర్యంగా వస్తారు, ఖాళీ హాలు చూస్తే గుమ్మం దగ్గరే తటపటాయిస్తారు.

కాబట్టి మొదటి పని లెక్కపెట్టడం. ఒక వారం పాటు, తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా ప్రతి 15 నిమిషాలకీ ఒక చుట్టు తిరిగి మూడు అంకెలు రాయాలి: మనుషులున్న కుర్చీలు ఎన్ని, ఒక్కరైనా కూర్చున్న టేబుళ్లు ఎన్ని, చోటు లేక నిలబడ్డవాళ్లూ వెనక్కి వెళ్లినవాళ్లూ ఎందరు. రెండు నిమిషాల పని. మొదటి రెండు అంకెల్ని కలిపేయకూడదు. టేబుళ్లన్నీ నిండి కుర్చీలు సగమే నిండాయంటే మనుషులు ఎక్కువసేపు కూర్చోవడం కాదు అసలు ఇబ్బంది, ఎక్కడ కూర్చున్నారన్నది. జ్ఞాపకాన్ని నమ్ముకుంటే మాత్రం తప్పుడు లెక్కే వస్తుంది. మూడు గంటలు కూర్చున్న ఒక్కడు గుర్తుంటాడు, ఇరవై నిమిషాల్లో తిని వెళ్లిపోయిన వందమంది గుర్తుండరు.

ఎన్ని కుర్చీలు కావాలో తేల్చడానికి క్యూల గణితంలో ఒక చిన్న సూత్రం ఉంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు కాబట్టి లిటిల్ సూత్రం అంటారు. గంటకి వచ్చేవాళ్ల సంఖ్యని ఒక్కొక్కరు ఉండే సమయంతో గుణిస్తే, సగటున లోపల ఎందరుంటారో తెలుస్తుంది. 60 కుర్చీల హాలు అనుకుందాం. రద్దీ వేళ గంటకి 120 మంది కూర్చుని తింటారు, ఒక్కొక్కరికి 25 నిమిషాలు పడుతుంది. 120ని 25తో గుణించి 60 నిమిషాలతో భాగిస్తే 50. జనం ఒక్కసారిగా గుంపుగా వచ్చినా తట్టుకోవడానికి ఇంకో పది కుర్చీలు ఉన్నట్టు. ఇప్పుడు ఐదుగురు ఆ గంటంతా కదలకుండా కూర్చున్నారనుకోండి. ఐదు కుర్చీలే కదా, ఇంకా 55 ఉన్నాయి. కానీ ఆ ఐదుగురూ విడివిడిగా వచ్చి తలో నలుగురి టేబుల్ పట్టుకుంటే 20 కుర్చీలు పోయినట్టే, ఎందుకంటే ముక్కూమొహం తెలియని మనిషి ఎదురుగా కూర్చుని తినడానికి చాలామంది ఇష్టపడరు. మిగిలిన 40 కుర్చీల్లో 50 మంది పట్టరు. అదే ఐదుగురూ ఇద్దరి టేబుళ్ల దగ్గర ఉంటే 50 కుర్చీలు మిగులుతాయి, గోడవార పొడవాటి బల్ల దగ్గర ఉంటే 55. ఎవరినీ లేపే అవసరం రాలేదు, తొందరపెట్టే అవసరమూ రాలేదు.

ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది, దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. గుంపుగా వచ్చినవాళ్లలో ఇద్దరు ముందే సంచులు పెట్టి చోటు పట్టుకుంటారు, మిగతావాళ్లు క్యూలో నిలబడతారు. ఆర్డర్ ఇచ్చి ట్రే అందుకోవడానికి 8 నిమిషాలు పడితే, 25 నిమిషాలు నిండాల్సిన కుర్చీ 33 నిమిషాలు నిండి ఉంటుంది. అందరూ ఇలాగే చేస్తే 120ని 33తో గుణించి 60తో భాగించాలి, 66 వస్తుంది. ఉన్నవి 60. ఒక్కరు కూడా తీరిగ్గా కూర్చోని రోజున కూడా చోటు చాలదు. నిందపడేది మాత్రం మూల కూర్చుని మాట్లాడుకుంటున్న పెద్దవాళ్ల మీద. రద్దీ వేళ గుమ్మం దగ్గర ఒక మనిషిని నిలబెట్టి "ముందు ఆర్డర్ ఇచ్చి రండి, చోటు నేను చూపిస్తాను" అనిపిస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. ఆ మాట నిలబెట్టుకోవాలి, ట్రేతో వచ్చినవాళ్లకి నిజంగానే చోటు చూపించాలి. లేకపోతే మర్నాటినుంచి ఎవరూ నమ్మరు. ఆర్డర్‌ని టేబుల్ దగ్గరికే తెచ్చిచ్చే పద్ధతిలో ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే వంట అయ్యేదాకా అందరూ కూర్చునే ఎదురుచూస్తారు.

ఎవరు ఎక్కడ కూర్చోవాలో బోర్డులకంటే బాగా చెప్పేవి ప్లగ్ పాయింట్లు. లాప్‌టాప్‌తో వచ్చినవాళ్లు ప్లగ్ ఎక్కడుంటే అక్కడికి చేరతారు. నలుగురి టేబుళ్ల పక్కన ఉన్నవాటిని తీయించి పొడవాటి బల్ల వెంబడి వేయిస్తే సగం పని అయిపోయినట్టే. నలుగురి టేబుళ్లు తగ్గించి, రెండేసి కలుపుకోడానికి వీలుగా ఇద్దరి టేబుళ్లు పెట్టడం ఇంకో దారి. రెండింటి ఎత్తూ అంచులూ సరిగ్గా కలవాలి, కాళ్లు ఊగకుండా గట్టిగా నిలవాలి. ఊగే టేబుళ్లని కలిపితే డ్రింకులు ఒలుకుతాయి, తుడిచేవాళ్లకి పని రెట్టింపవుతుంది. రోజూ కబుర్లకి వచ్చే పెద్దవాళ్ల గుంపుకి కౌంటర్‌కి దూరంగా, టాయిలెట్‌కి దగ్గరగా ఉండే మూల నయం. వాళ్లకీ అదే సుఖం, క్యూకి అడ్డూ ఉండదు.

కూర్చోలేని కుర్చీలు వేయడం, ఏసీ చలి పెంచడం, చెవులు హోరెత్తేలా పాటలు పెట్టడం నాకు ఏమాత్రం నచ్చని మార్గాలు. అవి అక్కర్లేనివాళ్లకి కూడా తగులుతాయి. పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లి, నడుం నొప్పి ఉన్న మనిషి ముందు లేచిపోతారు, పడుచుపిల్లలు అలాగే కూర్చుంటారు. సంగీతం ప్రభావం ఉన్న మాట నిజమే. రోనాల్డ్ మిల్లిమన్ 1986లో ప్రచురించిన పరిశోధనలో, నెమ్మది సంగీతం ఉన్నప్పుడు జనం సగటున 56 నిమిషాలు, వేగం పెంచినప్పుడు 45 నిమిషాలు కూర్చున్నారు. తిండి ఖర్చులో పెద్ద తేడా లేదు, నెమ్మది సంగీతంతో పెరిగింది బార్‌లో డ్రింకుల ఖర్చు. అది టేబుల్ దగ్గరికొచ్చి ఆర్డర్ తీసుకునే రెస్టారెంట్ అన్నది మర్చిపోకూడదు. కౌంటర్ దగ్గరికి లేచి వెళ్లాల్సిన చోట ఎంతసేపు కూర్చున్నా రెండో ఆర్డర్ రాదు, లేస్తే చోటు పోతుందని భయం. తీరిక వేళ ఒకరు టేబుళ్ల మధ్య తిరుగుతూ "ఇంకేమైనా తెమ్మంటారా?" అని అడిగితే ఆ అమ్మకం వస్తుంది.

సమయపు బోర్డు ఒక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో 2014 జనవరిలో న్యూయార్క్‌లోని ఫ్లషింగ్‌లో బయటపడింది. అక్కడి మెక్‌డొనాల్డ్స్‌లో కొరియన్ వృద్ధులు గంటలకొద్దీ కూర్చుంటున్నారని 20 నిమిషాల పరిమితి పెట్టారు, పోలీసుల్ని కూడా పిలిచారు. విషయం పత్రికలకెక్కింది. చివరికి రాష్ట్ర శాసనసభ్యుడు రాన్ కిమ్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది: ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా రద్దీ కాబట్టి ఆ వేళ వాళ్లు చోటు వదలాలి. గొడవ మొదలవకముందే ఆ నాలుగు గంటల గురించి కూర్చుని మాట్లాడుకోవాల్సింది.

మాట్లాడటానికీ పద్ధతుంది. రద్దీకి పావుగంట ముందే వెళ్లాలి, జనం నిలబడ్డాక కాదు. ఒక్కరే వెళ్లాలి, ఇద్దరు వెళ్తే బెదిరింపులా ఉంటుంది. "ఏమీ అనుకోకండి సార్, పన్నెండింటి నుంచి రద్దీ ఉంటుంది, ఆ కిటికీ పక్క బల్లకి మారతారా? మీ ట్రే నేను తెస్తాను" అంటే చాలామంది మారతారు. వెళ్లిపొమ్మనడం కంటే మారమనడం వాళ్లకీ తేలిక, అడిగేవాళ్లకీ తేలిక. సగం మిగిలిన కప్పుని అడక్కుండా తీసేయడం, కాళ్ల దగ్గర పదేపదే తుడవడం లాంటివి మాత్రం వద్దు. ఆ అవమానం మనిషి మర్చిపోడు.

నియమం ఏదైనా అందరికీ ఒకటే కావాలి. కోటు వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నవాడిని వదిలేసి, మాసిన బట్టలవాడినో కాలేజీ పిల్లల్నో మాత్రమే లేపితే అది నియమం కాదు, వివక్ష. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలోని స్టార్‌బక్స్‌లో ఏమీ కొనకుండా, పని మీద కలవాల్సిన మనిషి కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు నల్లజాతి యువకుల్ని పోలీసులు అరెస్టు చేశారు. మరుసటి నెలలో కొనకపోయినా కూర్చోవచ్చని ఆ సంస్థ ప్రకటించింది, 2025 జనవరిలో ఉత్తర అమెరికాలో మళ్లీ మార్చుకుంది. ఏ దారి ఎంచుకున్నా, ఏ గంటల్లో, ఏ టేబుళ్లకి, ఎంతసేపు అన్నది రాసిపెట్టి ప్రతి షిఫ్ట్‌కీ ఒకేలా చెప్పాలి. ఉదయం షిఫ్ట్‌వాళ్లు చూసీచూడనట్టు ఉండి, సాయంత్రం వాళ్లు కసిరితే గొడవ సాయంత్రం వాళ్ల నెత్తినే పడుతుంది.

టేబుళ్లు మార్చిన నెలకి మళ్లీ వారం రోజులు అవే మూడు అంకెలు రాయండి. నిలబడ్డవాళ్ల అంకె తగ్గి, తీరిక వేళ కుర్చీల అంకె అలాగే ఉంటే మార్పు పనిచేసినట్టు. రెండూ తగ్గితే తినడానికొచ్చేవాళ్లని కూడా తరిమేస్తున్నట్టు. అప్పుడు ముందు పాటల చప్పుడు తగ్గించి చూడండి, తర్వాత కుర్చీలు కూర్చోవడానికి సుఖంగా ఉన్నాయో లేదో చూడండి.