డిశ్చార్జి చీటీ చేతికొచ్చాక

నాకు బైపోలార్ జబ్బు ఉంది. మనసు ఒకసారి హద్దులేని హుషారులో, ఇంకోసారి కుంగుబాటులో పడే జబ్బు ఇది. మాది పరకాల దగ్గర పల్లె. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్, పీకో వేస్తాను. ఈ జబ్బు సంగతి పదిమందికీ తెలిసేలా రాస్తానంటే మా అక్క మొదట ఒప్పుకోలేదు. "మంచిగైనవు గదనే, ఇప్పుడు ఇదంత ఎందుకు చెప్పుకునుడు?" అన్నది. ఎక్కడ మంచిగైన్నో చెప్పాలి కదా, అందుకే రాస్తున్నా. జబ్బు దవాఖానలోనే తగ్గింది. మళ్లీ నలుగురిలో మనిషినయింది మాత్రం ఇంటికొచ్చినంకనే.

2019 ఎండాకాలంలో మొదలైంది. నిద్ర తగ్గింది, నిద్ర లేకపోయినా అలసట తెలియలేదు. తెల్లవార్లూ మిషన్ తొక్కేదాన్ని. ఊళ్లో పిల్లలందరికీ బతుకమ్మ పండక్కి బట్టలు కుట్టి పంచుతానని హన్మకొండ పోయి అప్పు మీద తానులకు తానులు గుడ్డ తెచ్చాను. మాట మొదలుపెడితే ఆగేదాన్ని కాదు, అడ్డొస్తే మీదికి పోయేదాన్ని. అత్తగారింట్లో గాలి సోకిందన్నారు. దర్గాకు తీసుకుపోయారు, ఐనవోలు మల్లన్నకు మొక్కారు, చేతికి తాయెత్తు కట్టించారు. వాళ్లకు తెలిసిన దారి అదే. ఇది డాక్టర్ చూడాల్సిన జబ్బు అని చెప్పేవాళ్లు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. ఒకరోజు ఇంట్లోంచి వెళ్లిపోయి కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫారం మీద తిరుగుతుంటే పోలీసులు చూశారట. ఆ రోజు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది.

వాళ్లు నన్ను లాకప్‌లో పెట్టలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పెట్టకూడదు కూడా. 24 గంటల్లోపు ప్రభుత్వ దవాఖానకు చేర్చాలి. ఇది నాకు తర్వాత తెలిసింది. నేరం చేయని మానసిక రోగుల్ని జైల్లో ఉంచడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 1993లో తీర్పు ఇచ్చేదాకా మన దేశంలో కొన్ని జైళ్లలో అలాంటివాళ్లు ఏళ్ల తరబడి మగ్గారు. నా జబ్బు ఒక తరం ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది.

కాజీపేట నుంచి నన్ను దూరాన ఒక పెద్ద మానసిక దవాఖానకు పంపారు. మందులు పనిచేశాయి. నిద్ర వచ్చింది, మాట కుదురుకుంది. ఆ డాక్టర్లు లేకపోతే నేను బతికేదాన్ని కాదు, ఈ మాట గట్టిగానే చెప్తాను. కానీ చేరిన రోజే పేలు పడతాయని నా జుట్టు కత్తిరించేశారు. అందరికీ ఒకటే రంగు బట్టలు. నేను బట్టలు కుట్టేదాన్ని, ఆ చొక్కాకు గుండీలు లేక తాళ్లతో కట్టుకోవాల్సి రావడం నాకు ఎంత కష్టమనిపించిందో చెప్పలేను. బలవంతంగా జుట్టు తీయకూడదు, సొంత బట్టలు వేసుకుంటానంటే కాదనకూడదు అని కూడా అదే చట్టంలో ఉంది. ఆ వార్డులో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

అసలు బాధ జబ్బు తగ్గినంక మొదలైంది. ఇక ఇంటికి పోవచ్చన్నారు. అత్తగారింటికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మా అవ్వా బాపూ అప్పటికే లేరు. నెలలు గడిచాయి. నా పక్క మంచం పెద్దమ్మది ఆదిలాబాద్ జిల్లా. ఆమెకు గోండి తప్ప తెలుగు అంతంత మాత్రం. ఆమె జబ్బు నాకన్నా చాలా ముందే తగ్గింది. పొద్దున లేచి అందరి దుప్పట్లూ మడత పెట్టేది, గేటు చప్పుడైతే బట్టలు సర్దుకుని లేచి నిలబడేది. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఇంటివాళ్లు లేరనో, రానివ్వరనో, ఉండటానికి ఇల్లు లేదనో ఒక మనిషిని దవాఖానలో ఆపి ఉంచకూడదని ఆ చట్టం 19వ సెక్షన్ చెప్తుంది. మరి ఎక్కడికి పంపాలి? అందరి మధ్య ఉండే చిన్న వసతి ఇళ్లు ప్రభుత్వం ఏర్పాటు చేయాలని కూడా చెప్తుంది. పెద్దమ్మ కోసం అలాంటి ఇల్లు ఎక్కడా కనిపించలేదు.

నా అదృష్టం, మా అక్క వెతుక్కుంటూ వచ్చింది. అత్తగారింటి నుంచి ఆమెకు ఎవరూ కబురే పెట్టలేదు. మా బావ ఒక్కటే మాటన్నాడు: "మనింట్ల ఉంటది." ఆ ఒక్క మాటతో నేను బయటపడ్డాను.

ఇంటికొచ్చాక గోలీలతో కాపురం నేర్చుకున్నాను. నాకు ఇచ్చింది లిథియం. ఇది తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే విషం. నా రక్తంలో 0.6కు, 1కి మధ్య ఉండాలన్నారు. అందుకే రక్త పరీక్ష తప్పదు, కిడ్నీ, థైరాయిడ్ కూడా చూస్తుండాలి. ఒంట్లో నీళ్లు తగ్గితే మందు రక్తంలో పేరుకుపోతుంది. మిరపకాయ ఏరడానికి పోయిన రోజుల్లో ఎండకు చెమటలు కారుతుంటే అక్క పొలంగట్టు మీది నుంచి నీళ్ల సీసా ఊపుతూనే ఉండేది. వాంతులు, విరేచనాలు, మాట తడబడటం, చేతులు బాగా వణకడం కనిపిస్తే గోలీ ఆపి వెంటనే దవాఖానకు రమ్మన్నారు. ఒకసారి నడుం నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ డైక్లో సూది వేయబోతే మా ఆశా వర్కర్ చెయ్యి అడ్డం పెట్టింది. "ఈమె లిథియం మింగుతది, ఆ నొప్పి మందు పడది" అన్నది. పట్నం వార్డులో ఎంత పెద్ద డాక్టరున్నా ఆ గడియలో ఆ సూది ఆపలేడు. మా వాడకట్టు మనిషి కాబట్టి ఆమె ఆపగలిగింది.

నా వేళ్లకు సన్నగా వణుకు ఉండేది. సూదిలో దారం ఎక్కేది కాదు. దారం కొస తడిపి, ముంజేయి మిషన్ పలక మీద ఆనించి, ఊపిరి బిగబట్టి ఎక్కించడం అలవాటు చేసుకున్నాను. డాక్టర్ మోతాదు మార్చాక వణుకు తగ్గింది. కుట్టడానికి చేతులు సిద్ధమైనా గుడ్డ ఇచ్చేవాళ్లు లేరు. పిచ్చిదాని చేతిలో కత్తెరా అని భయం. ఎదురింటి అవ్వ ఒక పాత జాకెట్ తెచ్చి, "రెట్టలు బిగువైనయ్, కొంచెం ఇడువు బిడ్డా" అన్నది. కత్తెర తనే తీసి చేతికిచ్చింది. కుట్టు ఊడదీసి మళ్లీ వేసేదాకా పక్కనే కూర్చుని మనవరాలి పెళ్లి ముచ్చట్లు చెప్పింది. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు వచ్చారు.

మందులకు వరంగల్ ఎంజీఎం దవాఖాన మానసిక విభాగానికి పోతుంటాను. 2021 జూన్‌లో, కరోనా రెండో విడతప్పుడు, అక్కడికి దగ్గర్లోనే ఉన్న వరంగల్ సెంట్రల్ జైలును కూల్చారు. నిజాం కాలం నాటి జైలది. ఖైదీలను బస్సుల్లో వేరే జైళ్లకు తరలించారు. ఆ జాగాలో 24 అంతస్తుల దవాఖానకు శంకుస్థాపన జరిగింది. జనం సంతోషపడ్డారు, నేనూ సంతోషపడ్డాను. కానీ కూలిన గోడను బస్సు కిటికీలోంచి చూస్తూ పెద్దమ్మనే తలుచుకున్నాను. గోడ పడిపోయినా ఆ ఖైదీలు వెళ్లింది ఇంకో గోడ లోపలికే కదా.

ఇటలీలో ఫ్రాంకో బసాలియా అనే డాక్టర్ త్రియెస్తె ఊళ్లో మానసిక దవాఖాన తలుపులు తెరిపించాడు. 1978లో 180వ నంబరు చట్టం వచ్చి కొత్త పిచ్చాసుపత్రులు కట్టడం ఆగింది. కానీ అక్కడ తలుపు తెరవడంతో పాటే ఊళ్లో రాత్రీపగలూ తెరిచి ఉండే కేంద్రాలు, సహకార సంఘాల్లో కొలువులు ఏర్పాటు చేశారు. అమెరికాలో 1955లో ప్రభుత్వ మానసిక దవాఖానల్లో 5.5 లక్షల మందికి పైగా ఉండేవాళ్లు. 1963లో ఊళ్లలో కేంద్రాలు కడతామని చట్టం చేశారు. దవాఖానలు ఖాళీ అయ్యాయి, కేంద్రాలు మాత్రం అనుకున్నన్ని కట్టలేదు. చాలామంది రోడ్ల మీద, తర్వాత జైళ్లలో తేలారు. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మంచి ఉద్దేశంతోనే మనుషుల్ని బయటికి పంపారు, బయట వాళ్లకోసం ఏమీ పెట్టలేదు.

మనకూ కొన్ని ఉన్నాయి, వాడుకోవాలి. వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపుల్లో మానసిక జబ్బుకూ సర్టిఫికెట్ ఇస్తారు, 40 శాతం ఉంటే వికలాంగుల పింఛన్‌కు అర్హత. రాత్రిపూట నాకు మళ్లీ నిద్ర తప్పినప్పుడు అక్క ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలీమానస్‌కు, 14416 నంబరుకు, ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడింది. జబ్బు తిరగబెడితే నా తరఫున మాట్లాడే మనిషిగా అక్క పేరు, నన్ను కట్టేయవద్దని, ముందు ఎంజీఎంకే తీసుకుపొమ్మని కోరిక, ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసి బియ్యం డబ్బా మీది పెట్టెలో పెట్టాను. అలా ముందే రాసుకునే హక్కు చట్టంలో ఉంది.

పెద్దమ్మ ఇంకా అక్కడే ఉంది. పోయిన దసరా తర్వాత అక్కా నేనూ చూసొచ్చాం. ఊరు దొరికిందట, ఉట్నూరు దిక్కు. ఇంటివాళ్లు వద్దంటున్నారట. తమిళనాడులో ద బానియన్ సంస్థ ఇలాంటి నలుగురైదుగురు ఆడవాళ్లను మామూలు వాడల్లో కిరాయి ఇళ్లలో ఉంచుతోంది, సహాయానికి ఒక మనిషిని పెడుతోంది. గోండి మాట వినిపించే చోట అలాంటి ఇల్లు ఒకటి, నెలనెలా గోలీలు, చేతనైన పని ఉంటే పెద్దమ్మ రేపే బయటికి రావచ్చు. ఆదిలాబాద్‌లో ఒకటి, హన్మకొండలో ఒకటి, ముందు రెండు ఇళ్లతో మొదలుపెట్టమని దరఖాస్తు రాశాం. వచ్చే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇస్తాం. మీ ఇంటి మనిషి ఎవరైనా అలా ఆగిపోయి ఉంటే మీ జిల్లాలో మీరూ ఇవ్వండి. అర్జీలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 19వ సెక్షన్ అని తప్పకుండా రాయండి.