తొంభైకి ఎక్కువా, తక్కువా?

లంబకోణ ప్రిజంలో ఆ 90 డిగ్రీలు నిజంగా 90 ఉన్నాయో లేదో చూడటం నాకు భలే ఇష్టమైన పని. పక్కన పెట్టి పోల్చడానికి ఇంకో ప్రామాణిక కోణం అక్కర్లేదు, ప్రిజం తన తప్పు తానే ఒప్పుకుంటుంది. కర్ణం వైపు ముఖాన్ని ఆటోకాలిమేటర్‌కి (క్రాస్ గుర్తుని కాంతితో పంపి, తిరిగొచ్చిన గుర్తు ఎంత జరిగిందో చూపించే పరికరం) ఎదురుగా పెడితే, లోపలికెళ్లిన కాంతిలో సగం ఎడమ నుంచి కుడికి, మిగతా సగం కుడి నుంచి ఎడమకి తిరిగి వెనక్కి వచ్చేస్తుంది. కోణం సరిగ్గా ఉంటే రెండు క్రాస్ గుర్తులూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, లేకపోతే విడిపోతాయి.

ఎంత విడిపోతాయి? తప్పుకి 4 రెట్లు, దాన్ని మళ్లీ గాజు వక్రీభవన గుణకంతో గుణించాలి. బీకే7 అనే రకం గాజుకి అది 1.517 కాబట్టి ఒక ఆర్క్ సెకను తప్పు (డిగ్రీలో 3600వ వంతు, 200 మీటర్ల దూరంలో సుమారు ఒక మిల్లీమీటరు, అంతే) దాదాపు 6 సెకన్లుగా బయటపడుతుంది. స్కేలు దగ్గర మాత్రం జాగ్రత్త. అద్దం ఎంత వాలిందో చూపించేలా గీసిన స్కేలు ముందే సగం చేసేస్తుంది, అప్పుడు చదివేది 6 కాదు, 3. నేను ఒకసారి దీన్ని మర్చిపోయి మంచి ప్రిజాలని మరీ మంచివని రాసేశాను.

కర్ణం ముఖం మీదే తిరిగొచ్చే మూడో గుర్తు కూడా ఒకటి ఉంటుంది, మసకగా. ఆ రెండూ దీనికంటే పైకో కిందకో జరిగితే అది పిరమిడ్ తప్పు, అంటే ముఖాలు కలిసే అంచు కర్ణం ముఖానికి సమాంతరంగా లేదన్నమాట. చేత్తో పట్టుకున్న ప్రిజాన్ని వెంటనే చదవకండి, ఆ వేడి తగ్గేదాకా గుర్తులు కదులుతూనే ఉంటాయి.

అసలు తలనొప్పి, కోణం 90కి ఎక్కువా తక్కువా అన్నది. ఏ గుర్తు ఏ సగానిదో తెలుసుకుందామని మొదట్లో కాగితంతో సగం మూశా. రెండూ ఒకేసారి మాయం! ఎడమ సగం ఒక కిరణానికి లోపలికెళ్లే దారి, రెండోదానికి బయటికొచ్చే దారి, మరి మూస్తే రెండూ పోక ఏమవుతాయి. పని చేసేది ఫోకస్ చెడగొట్టడం. ఐపీస్‌ని (కన్ను పెట్టి చూసే కటకం) ఆబ్జెక్టివ్ లెన్స్ (ప్రిజం వైపున్న కటకం) దిశగా కొంచెం నెడితే గుర్తులు దూరమైతే కోణం ఎక్కువ, దగ్గరైతే తక్కువ. ఈ ముక్క చీటీ మీద రాసి పరికరానికి అతికించాను, అయినా ప్రతిసారీ చీటీ చూడందే ధైర్యం చాలదు.