అన్నిటికీ ఆర్ట్ పేపరేనా అండీ?

నేను విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో డీటీపీ, డిజైన్ పని చేస్తాను. పాంప్లెట్ అయినా పుస్తకమైనా వచ్చినవాళ్ల నోట మొదటి మాట ఒకటే: "పేపరు మంచిది వెయ్యండి." మంచిదంటే వాళ్ల లెక్కలో మెరిసేది. ఆ మధ్య ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తన శతకం వేయించుకుందామని వచ్చారు. గ్లాసీ ఆర్ట్ పేపర్ సాంపిల్ మీద వేలు రాసి చూసి "ఇదే ఖాయం చెయ్యమ్మా" అన్నారు. "పద్యాలకి ఆర్ట్ పేపర్ ఎందుకండీ మాస్టారూ" అని, ట్యూబ్‌లైట్ కింద కూర్చోబెట్టి ఆ కాగితం మీద వేసిన పేజీ ఒకటి చదవమన్నాను. వెలుతురు కళ్లల్లో కొడుతుంటే కాగితాన్ని అటు తిప్పి, ఇటు వంచి చదివారు. తర్వాత మ్యాప్లితో అనే, పూత లేని మామూలు పుస్తకాల కాగితం చేతికిచ్చాను. రాగం తీసి మరీ చదివారు! లోపలి పేజీలకి 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం 80 గ్రాములు తూగేది) మ్యాప్లితో, అట్టకి మాత్రం ఆర్ట్ కార్డ్ అని ఒప్పుకున్నారు.

ఆర్ట్ పేపర్ కూడా అడుగున మామూలు కాగితమే. దాని మీద చైనా క్లే, కాల్షియం కార్బొనేట్ లాంటి తెల్లటి పొడుల్ని బైండర్‌తో కలిపి పూత పూస్తారు. మట్టిగోడకి సున్నం మెత్తినట్టు, నారల మధ్య గుంటలన్నీ పూడిపోతాయి. ఆ తర్వాత రోలర్ల మధ్య నొక్కి నునుపు తెస్తారు. మెరుపు చాలావరకు ఆ నొక్కుడిని బట్టే ఉంటుంది. మ్యాట్ అంటే పూత లేని కాగితమని చాలామంది అనుకుంటారు. దానికీ పూత ఉంటుంది, మెరుపే తక్కువ.

ఫొటోల దగ్గరకొస్తే నేనూ ఆర్ట్ పేపర్ పక్షమే. అచ్చులో ఫొటో అంటే చుక్కలే కదా. పూత లేని కాగితం ఇంకుని లోపలికి లాక్కుంటుంది, చుక్క చుట్టూ పాకుతుంది, రంగు మందగిస్తుంది. పూత ఉంటే ఇంకు పైనే నిలుస్తుంది. న్యూస్‌ప్రింట్ మీద అంగుళానికి 85 నుంచి 100 గీతల (అంటే చుక్కల వరసల) స్క్రీన్ వాడితే, ఆర్ట్ పేపర్ మీద 150, 175 కూడా హాయిగా నిలబడతాయి. కైలాసగిరి మీంచి తీసిన బీచ్ ఫొటో ఒకటే ఫైలు రెండు కాగితాల మీద వేసి చూడండి. ఒకదాంట్లో అల అంచున నురగ విడిగా తెలుస్తుంది, రెండోదాంట్లో నీటి రంగులో కలిసిపోతుంది. చీరల కేటలాగ్‌కి మ్యాప్లితో వేస్తానంటే నేనే వద్దంటాను.

బరువు చూసి మందం అంచనా వెయ్యకూడదు. పూతలో ఉన్నది ఖనిజం, పైగా గట్టిగా నొక్కినది. అందుకే 130 జీఎస్ఎం గ్లాసీ ఆర్ట్ పేపర్ 100 జీఎస్ఎం మ్యాప్లితో కన్నా పలచగా తగులుతుంది. "ఇంత పలచనేటండీ, తక్కువది వేసేశారా" అని మాట పడాల్సి వస్తుంది. 23 x 36 అంగుళాల సైజులో అదే 130 జీఎస్ఎం, 500 షీట్ల రీము దాదాపు 35 కిలోలు. మేడ మీదికి మోసే కుర్రాడిని అడగండి, పలచనో కాదో చెప్తాడు.

మన ఊళ్లో అసలు టెన్షన్ ఆరడంతోనే. ఇంకు లోపలికి పోదు కాబట్టి పైనే గాలి తగిలి గట్టిపడాలి. సముద్రం పక్కన, వానాకాలంలో, అంత తొందరగా ఎక్కడ గట్టిపడుతుంది? పచ్చిగా ఉండగానే పేర్చేస్తే కింది షీటు బొమ్మ పై షీటు వీపుకి అంటుకుంటుంది. దీన్నే సెట్టాఫ్ అంటారు. మధ్యలో సన్నటి పౌడర్ చల్లుతారు, గుట్టలు చిన్నవిగా కడతారు, అయినా టైము టైమే. పొద్దున ఫైలు ఓకే చేసి సాయంత్రానికి డెలివరీ అడిగితే మా మిషన్ మేన్ "ఏటమ్మా, ఆరనివ్వరా?" అని నా మీద కేకలేస్తాడు, కస్టమర్ మీద కాదు. మడత కూడా చూసుకోవాలి. మందపాటి ఆర్ట్ కార్డ్‌ని క్రీజింగ్ చెయ్యకుండా (మడత పడేచోట ముందే గాడి నొక్కకుండా), అందులోనూ నారకి అడ్డంగా మడిస్తే, పూత పగిలి మడత మీద తెల్లగీత పడుతుంది. ముదురు రంగు శుభలేఖల మీద అది ఎంత అసహ్యంగా కనిపిస్తుందో!

తడిస్తే మరీ ఘోరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. మ్యాప్లితో పుస్తకాలు ఆరబెడితే ఉబ్బి, వంకర్లు తిరిగినా తెరుచుకున్నాయి. ఆర్ట్ పేపర్ పుస్తకాలు మాత్రం పూత కరిగి, పేజీకి పేజీ అతుక్కుని, ఆరాక ఇటుకల్లా మిగిలాయి. పేజీలు ఇంకా తడిగా ఉన్నప్పుడే విడదీసి ఉంటే కొన్నయినా దక్కేవేమో.

ఇక కేలండర్లు. మన ఇళ్లల్లో పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ, పనమ్మాయి రాని రోజులు రాసేది దాని మీదే. గ్లాసీ పేపర్ మీద బాల్‌పెన్ జారుతుంది, జెల్ పెన్ అయితే చెయ్యి తగిలి అలుక్కుపోతుంది. కిందటేడాది పూర్ణామార్కెట్ కిరాణా షాపాయన ఒకరు మొత్తం ఆర్ట్ పేపర్ అన్నారు. పైన అప్పన్న బొమ్మకి ఆర్ట్ పేపర్, కింద నెలల కాగితాలకి మ్యాప్లితో కొటేషన్ ఇచ్చాను. ఖర్చు తగ్గింది కదా అని మిగిలిన డబ్బుకి ఇంకో వంద కాపీలు వేయమన్నారు.