చెస్టర్ కార్డు చదివిన శనివారం

ఏడు రేసుల కార్డు, అంటే ఆ రోజు గుర్రప్పందేల పట్టిక, చేతికొస్తే చాలామంది ముందు గుర్రాల పేర్లు చదువుతారు, ఆ తర్వాత ఫేవరిట్ (గెలుస్తుందని ఎక్కువ మంది పందెం కాసేది) ఏదో చూస్తారు. నేను ముందు కోర్సు చూస్తాను. ఫ్లాట్ రేసుల్లో దూకాల్సిన అడ్డంకులేవీ ఉండవు కాబట్టి ఎక్కువ వేగమున్నదే గెలుస్తుందని అనిపిస్తుంది గానీ, ఆ వేగం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ వృథా అవుతుంది అన్నది మలుపుల చేతిలో, నేల చేతిలో ఉంటుంది. ఈసారి నేను తీసుకున్నది ఇంగ్లండ్‌లోని చెస్టర్ కార్డు, వేసవిలో ఒక శనివారంది. పందెం కాయలేదు, కాయాలని కూర్చోలేదు కూడా. రేసు మొదలవకముందే అది ఎలా నడుస్తుందో కాగితం మీద చెప్పగలమా అన్నదే నాకు సరదా.

చెస్టర్‌ని ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ రేసులు 1539 నుంచి జరుగుతున్నాయి, ఇప్పటికీ నడుస్తున్న కోర్సుల్లో అదే పాతదని చెబుతారు. నాకు కావలసింది మాత్రం ఆ చరిత్ర కాదు, దాని ఆకారం. ఎడమవైపు తిరిగే ఆ కోర్సు చుట్టుకొలత మైలు కంటే ఓ కాస్త ఎక్కువ, అంతే. గుర్రం ఎప్పుడూ ఏదో ఒక మలుపులోనే ఉంటుంది. చివరి మలుపు దాటాక గెలుపు గీత దాకా మిగిలేది ఒక ఫర్లాంగు కంటే కొంచెం ఎక్కువ, అంటే దాదాపు 240 గజాలు. వెనక నింపాదిగా వచ్చి ఆఖర్లో అందరినీ దాటేద్దామనుకునే గుర్రానికి ఇక్కడ దారే దొరకదు. అదే గుర్రం ఆస్కాట్‌లోనో న్యూమార్కెట్‌లోనో తిన్నటి మైలు మీద పరిగెడితే కథ వేరే.

పని గురువారమే మొదలుపెట్టాను. బ్రిటన్‌లో ఫ్లాట్ రేసులకు పరిగెత్తే గుర్రాలేవో మామూలుగా 48 గంటల ముందే ఖరారు చేస్తారు, ఆ వెంటనే ఏ గుర్రం ఏ స్టాల్ (గేటు దగ్గర నంబరు వేసిన గది) నుంచి బయల్దేరుతుందో డ్రా తీస్తారు. అంతకుముందు ఎంత చదివినా ఉపయోగం లేదు, ఎందుకంటే చెస్టర్‌లో స్టాల్ నంబర్ తెలియకుండా చిన్న దూరాల గురించి మాట్లాడటం దండగ.

కార్డు రాగానే మొదటి అరగంటలో నేను చేసింది రెండు రేసులు పక్కన పెట్టేయడం. మొదటిది రెండేళ్ల పిల్ల గుర్రాలది. అందులో సగం ఇంతవరకు రేసు మొహమే చూడలేదు. తండ్రి ఎవరు, తల్లి ఎవరు, ట్రైనర్ మొదటి పరుగుకే సిద్ధం చేసి పంపే రకమా కాదా అని ఊహించొచ్చు, కానీ అది చదవడం కాదు, జోస్యం. రెండోది దూరం ఎక్కువున్న రేసు, నాలుగే గుర్రాలు, నాలుగూ వెనక నుంచి వచ్చేవే. ముందు నడిపే గుర్రం లేకపోతే అందరూ నడకలా సాగి, ఆఖరి రెండు ఫర్లాంగుల్లో ఒక్కసారిగా ఉరుకుతారు. అప్పుడు సత్తా ఉన్నది గెలుస్తుందన్న గ్యారంటీ లేదు, ఎవరి జాకీ ముందు కదిలాడన్నదే లెక్క. రోజూ అన్ని రేసులకూ విజేతను చెప్పేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యమే. ఫేవరిట్లే మూడింట ఒక రేసు గెలుస్తాయి, అంటే పందేల మార్కెట్ మొత్తం కలిసి ఆలోచించినా మూడింట రెండుసార్లు తప్పుతోంది.

మిగిలిన వాటిలో నేను ఎక్కువసేపు కూర్చున్నది 5 ఫర్లాంగుల హ్యాండిక్యాప్ దగ్గర, అంటే రేటింగ్ ఎక్కువున్న గుర్రం ఎక్కువ బరువు మోసే రేసు. కిలోమీటరు పైన కొద్దిగా, నిమిషం అటూ ఇటూ అయిపోయే రేసు. పది గుర్రాలు. ఫేవరిట్ ఆ వారంలోనే వేరే చోట సులువుగా గెలిచి వచ్చింది, అందుకు పెనాల్టీగా 5 పౌండ్ల అదనపు బరువు మోస్తోంది, దానికి వచ్చిన స్టాల్ 9. ఫాం, అంటే పాత పరుగుల ఫలితాలు, చూస్తే దానికి తిరుగులేదు. కానీ 9వ స్టాల్ నుంచి బయల్దేరిన గుర్రం రెయిల్ (కోర్సు లోపలి అంచున ఉండే కంచె) దగ్గరికి రావాలంటే మొదటి వంద గజాల్లోనే ఎనిమిదింటిని దాటాలి, లేదంటే మలుపంతా బయటి వైపు తిరుగుతూ మిగతావాటికంటే ఎక్కువ దూరం పరిగెత్తాలి. సులువుగా గెలిచిన ఆ రేసు తిన్నటి కోర్సు మీద అన్న సంగతి ఫాం అంకెల్లో కనపడదు, కోర్సు పేరు చూసి మనమే గుర్తుపట్టాలి.

కాబట్టి రెయిల్‌కి దగ్గరున్న 1 నుంచి 4 దాకా స్టాళ్లు తీసుకుని ఒక్కొక్కటీ తిరగేశాను. లోపలి స్టాల్ ఉంటే చాలు అనుకుంటే అక్కడే బోల్తా పడతాం. 1వ స్టాల్‌లో ఉన్నదాని పాత రేసుల వ్యాఖ్యలు చదివితే దాదాపు ప్రతిసారీ ఆలస్యంగా బయటికి వచ్చిందనే ఉంది. అలాంటి గుర్రానికి లోపలి స్టాల్ వరం కాదు, శాపం. పక్కవి మూడూ ముందుకొచ్చి తలుపు మూసేస్తాయి, అది రెయిల్‌కీ మిగతావాటికీ మధ్య ఇరుక్కుంటుంది. 2వది వేగంగా వస్తుంది గానీ తడి నేల మీద దాని రికార్డు బాగోలేదు. శుక్రవారం అక్కడ వాన పడింది. గురువారం గుడ్ అని ఉన్న నేల శనివారం పొద్దుటికి గుడ్ టు సాఫ్ట్, అంటే కాస్త మెత్తన, అయింది. వాన పడితే గట్టి నేల కోరే గుర్రాన్ని కొట్టేయడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించను.

3వ స్టాల్ గుర్రం దగ్గర పెన్ను ఆగింది. దాని ఫాం వరుస 0-6043 అని ఉంది, పైపైన చూసేవాళ్లు మొహం తిప్పుకునే వరుస. సున్నా అంటే పదో స్థానమో అంతకంటే వెనకో. అడ్డగీత అంటే సీజన్ మారిందని. కుడివైపున ఉన్నది అన్నిటికంటే తాజా పరుగు. ఈ అంకెల వెనక ఏముందో విప్పితే, ఆ పరుగుల్లో ఎక్కువ భాగం 6 ఫర్లాంగులవి, చివర్లో ఎత్తు ఎక్కే కోర్సుల మీద. ప్రతిసారీ వ్యాఖ్య ఒకటే: ముందు నడిపింది, ఆఖరి ఫర్లాంగులో తగ్గింది. అలా ఓడిపోతూ ఓడిపోతూ రేటింగ్ 82 నుంచి 77కి దిగింది. హ్యాండిక్యాప్‌లో ఒక పాయింటు అంటే ఒక పౌండు బరువు. పైగా ఈసారి దాని మీద అప్రెంటిస్ (ఇంకా నేర్చుకుంటున్న జాకీ) కుర్రాడు, ఇంకో 5 పౌండ్లు తగ్గింపు. బ్రిటన్‌లో 20 విజయాల దాకా 7 పౌండ్లు, 50 దాకా 5, 95 దాకా 3 తగ్గిస్తారు, కాబట్టి 5 తగ్గింపు ఉన్న కుర్రాడంటే మరీ కొత్తవాడేం కాదు, ఇరవైసార్లు గెలిచి వచ్చినవాడే. మొత్తం కలిపితే 10 పౌండ్లు. ఇంత చిన్న దూరంలో ఒక లెంగ్త్ (ఒక గుర్రం పొడవు) అంటే సుమారు 3 పౌండ్లని లెక్కేస్తారు, అంటే కాగితం మీద మూడు లెంగ్తులకు పైనే కలిసొచ్చింది. దూరం తగ్గింది, నేల చదును, స్టాల్ లోపలిది, ముందుకు దూకే అలవాటు, బరువు తక్కువ. దానికి ఇంతకంటే అనుకూలమైన రోజు రాదు.

ఒక్క అనుమానం మిగిలింది. ముందు నడిపే గుర్రం ఇదొక్కటేనా? మిగతావాటి వ్యాఖ్యలు కూడా వరసగా చదివాను. 4వ స్టాల్‌ది రెండో మూడో స్థానంలో కూర్చునే రకం, 7వది మాత్రం ముందుకు తోసుకొచ్చే రకమే. రెండు గుర్రాలు ముందు పోటీపడితే రెండూ అలిసిపోయి వెనకవాళ్లకి బహుమతి ఇస్తాయి. శనివారం పొద్దున కొత్త సమాచారం చూస్తే ఆ 7వది తప్పుకుంది. టెన్షన్ సగం తీరిపోయింది.

ధర గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గెలుస్తుందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఆ అవకాశానికి సరైన ధర ఎంత అన్నది వేరే ప్రశ్న. నా లెక్కలో దానికి అయిదింట ఒక అవకాశం, అంటే ఒకటికి నాలుగు. మార్కెట్‌లో ఒకటికి ఆరు కనపడింది. ఇంకో సంగతి, అన్ని గుర్రాల ధరల్నీ శాతాల్లోకి మార్చి కూడితే 100 రావాలి కదా, నేను కూడినప్పుడు 118 వచ్చింది. ఆ పైన ఉన్న 18 పందేలు తీసుకునే బుక్‌మేకర్‌ది. అందుకే కళ్లు మూసుకుని ఆడేవాడి డబ్బు మెల్లమెల్లగా అటే పోతుంది.

తర్వాత 10 ఫర్లాంగుల పైన ఉన్న హ్యాండిక్యాప్. ఇందులో మూడేళ్ల గుర్రాలు పెద్దవాటితో కలిసి పరిగెత్తాయి. వయసు తేడాకి బరువులో తగ్గింపు ఉంటుంది, పంతొమ్మిదో శతాబ్దంలో అడ్మిరల్ రౌస్ వేసిన పట్టికే దీనికి మూలం, సీజన్ ముందుకెళ్లేకొద్దీ ఆ తగ్గింపు కరిగిపోతుంది. ఉత్తరార్ధగోళంలో రేసు గుర్రాలన్నిటికీ పుట్టినరోజు జనవరి 1 అని లెక్క, కాబట్టి ఫిబ్రవరిలో పుట్టిందీ మే నెలలో పుట్టిందీ కాగితం మీద ఒకే వయసు. నేను ఎంచుకున్నది మే నెల చివర్లో పుట్టిన మూడేళ్లది. ఇప్పుడిప్పుడే ఒళ్లు చేస్తోంది, ప్రతి పరుగుకీ కాస్త మెరుగవుతోంది, మైలు రేసుల్లో చివర్లో ఇంకా పరిగెత్తాలని ఉన్నట్టే ఆగింది. ఆ పైదూరం ఇంతకుముందు ఎప్పుడూ పరిగెత్తలేదు. తండ్రి ఎక్కువ దూరం గెలిచినవాడే గానీ ఆ ఒక్కదాన్నే నమ్మలేం. ఫ్రాంకెల్ అనే గుర్రాన్ని చూడండి, తండ్రి గెలీలియో 2001లో మైలున్నర డెర్బీ గెలిచినవాడు, ఫ్రాంకెల్ మాత్రం 14కి 14 గెలిచి, అందులో మైలు దాటి పరిగెత్తింది 2012లోని ఆఖరి రెండు రేసుల్లోనే. వంశం చూసి దూరం చెప్పేస్తే అతన్ని మైలు గుర్రమని ఎవరంటారు? నేను నమ్మింది వంశాన్ని కాదు, ఆ చివరి ఫర్లాంగు వీడియోల్ని.

ఇంకో రెండు రేసుల్లో చూసింది చిన్న చిన్న గుర్తులే. ఒకదానికి మొదటిసారి బ్లింకర్లు (పక్క చూపు ఆపే కంటి గంతలు) కట్టారు, ఒకదానికి శ్వాసనాళానికి ఆపరేషన్ చేయించి తెచ్చారు. బ్రిటన్‌లో 2018 నుంచి ఆ సంగతి ముందే ప్రకటించాలి. ఇలాంటివి అదనపు కారణాలే, వీటి మీదే గుర్రాన్ని ఎంచుకోను. ఇక "పక్కా సమాచారం" అంటూ తిరిగే టిప్పుల సంగతి, అవి నేను చదవను, చదివితే నా కళ్లు వాటివైపే లాగుతాయి.

మధ్యాహ్నం రేసులు చూశాను. 5 ఫర్లాంగుల స్ప్రింట్‌లో గేట్లు తెరవగానే 3వ స్టాల్ నుంచి కుర్రాడు చేతులతో తోస్తూ రెండు అంగల్లో ముందుకొచ్చాడు. మొదటి మలుపుకి రెయిల్ పట్టేశాడు, అక్కణ్నుంచి మిగతావాళ్లు వెంటపడటమే. 1వ స్టాల్‌ది ఊహించినట్టే లోపల ఇరుక్కుంది. ఫేవరిట్ మలుపంతా మూడు గుర్రాల బయట తిరిగి, ఆఖర్లో బాగానే పుంజుకుని మెడ తేడాలో రెండోది. తిన్నటి కోర్సు అయితే అదే గెలిచేది, నాకేం అనుమానం లేదు.

10 ఫర్లాంగుల రేసులో నా మూడేళ్లది నాలుగోది. దారి పొడుగునా రెయిల్ పక్కన, ముందొక గుర్రం, పక్కనొకటి. చివరి మలుపులో జాకీ రెండుసార్లు కళ్లెం బిగపట్టాల్సి వచ్చింది, సందు దొరికేసరికి మిగిలింది నూరు గజాలే. ఆ నూరు గజాల్లో అన్నిటికంటే వేగంగా వచ్చింది అదే. లెంగ్తున్నర తేడా. ఫలితాల పట్టిక మాత్రమే చూసేవాళ్లకి అక్కడ 4 అనే అంకె ఒక్కటే కనపడుతుంది.

పక్కన పెట్టిన నాలుగు గుర్రాల రేసు నడకతోనే మొదలై, ఎవరూ అనుకోని గుర్రం గెలిచింది.

రాత్రి కూర్చుని నా అంచనాల పక్కన ఏం జరిగిందో రాశాను. గెలిచినవాటి గురించి పెద్దగా రాయను, రేటింగులు వేసే హ్యాండిక్యాపర్ వాటి సంగతి ఎలాగూ చూసుకుంటాడు. బ్రిటన్‌లో కొత్త రేటింగులు మంగళవారం వస్తాయి. వచ్చాక చూస్తే స్ప్రింట్ గెలిచినదానికి పెరిగింది, నా మూడేళ్లదానికి ఒక్క పౌండు కూడా పెరగలేదు. దాని తర్వాతి ఎంట్రీ యార్క్‌లో, మళ్లీ పది ఫర్లాంగుల పైన. అక్కడ చివరి తిన్నటి దారే దాదాపు 5 ఫర్లాంగులు ఉంటుంది. ఇప్పుడు డ్రా కోసం చూస్తున్నాను.