అమ్మ వచ్చిందని చెప్పాను

"అమ్మ పట్టుకున్నది నీ పాదాల్నే కదా, మరి ఒంట్లో అన్నిటికన్నా ఆఖరున తేరుకున్నవి ఆ పాదాలే ఎందుకయ్యాయి?" అని మా అన్నయ్య అడిగాడు. నేను కర్ర వదిలేసి నడుస్తున్న కొత్తలో అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అప్పుడు నాకు జవాబు చెప్పే ఓపిక లేదు. ఇప్పుడు భయం తగ్గింది, కూర్చుని రాసే సత్తువ వచ్చింది. అన్నయ్యకీ, అదే ప్రశ్నని నాలుగు రకాలుగా అడిగిన మిగతావాళ్ళకీ కలిపి ఇక్కడే చెప్తున్నాను.

నాకు వచ్చింది గిలాన్ బారే సిండ్రోమ్. ఆస్పత్రుల్లో జీబీఎస్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీదికి తిరగబడే జబ్బు ఇది. చాలామందికి విరేచనాలో జ్వరమో వచ్చి తగ్గిన కొద్దిరోజులకి మొదలవుతుంది. నాకూ అంతే. ముందు అరికాళ్ళలో తిమ్మిరి, తర్వాత మెట్లెక్కలేకపోవడం, తర్వాత కుర్చీలోంచి లేవలేకపోవడం. డాక్టరు సుత్తితో మోకాలి కింద కొడితే కాలు ఉలకలేదు, పలకలేదు. వెన్నులో నీరు తీశారు, నరాల పరీక్ష చేశారు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ప్రతిరక్షకాల మందు ఎక్కించారు. ఆ మందు వేలమంది దాతలిచ్చిన ప్లాస్మాని, అంటే రక్తంలోని ద్రవాన్ని, కలిపి తయారుచేస్తారని తర్వాత తెలిసింది. ముఖం తెలియని ఆ వేలమందికి దణ్ణం పెట్టుకోని రోజు లేదు నాకు.

మందు పనిచేసేలోపే నీరసం ఛాతీ దాకా పాకింది. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో నూటికి 20 నుంచి 30 మందికి వెంటిలేటర్ అవసరమవుతుందట. నేనూ ఆ లెక్కలోకే వచ్చాను. జీబీఎస్ గురించి బయటివాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. వేలు కదపలేని మనిషికి కూడా చెవులు వినిపిస్తూనే ఉంటాయి, మంచం పక్కన ఎవరేమన్నా అర్థమవుతూనే ఉంటుంది. నా ముఖం కూడా పడిపోయింది, రెప్పలు సరిగ్గా మూతపడేవి కావు. కళ్ళు మాత్రం పైకీ కిందికీ తిప్పగలిగేదాన్ని. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. నాకు మిగిలిన భాష అంతే.

ఆ రాత్రి ఏ వారమో కూడా నాకు గుర్తులేదు. వార్డులో అవతలి మూల మంచం మీద ఎవరికో గుండె ఆగినట్టుంది, అందరూ అటు పరిగెత్తారు. సరిగ్గా అప్పుడే నా వెంటిలేటర్ గొట్టం దగ్గర ఎక్కడో జాయింటు ఊడింది. గాలి వస్తున్న చప్పుడు ఆగిపోయింది. అలారం మోగింది, కానీ అక్కడ అప్పటికే అలారాలు మోగుతున్నాయి, వాటిలో నాది ఏదో ఎవరికి తెలుస్తుంది? పిలవడానికి బెల్లు నా దిండు పక్కనే ఉంది. దాన్ని నొక్కడానికి వేలు లేదు. అరవడానికి గొంతు లేదు. ఊపిరి లోపలికి లాగుదామని చూస్తే ఛాతీ నా మాట వినలేదు. పైన తెల్లటి దీపం, దాని చుట్టూ చూపు నల్లబడుతూ వచ్చింది. పిల్లలు గుర్తొచ్చారని చెప్తే అబద్ధమవుతుంది. ఎవరూ గుర్తురాలేదు. ఒక్కదాన్నే చచ్చిపోతున్నానన్న భయం తప్ప ఇంకేం లేదు.

అప్పుడు ఎవరో నా పాదాలు పట్టుకున్నారు.

రెండు అరచేతులు. బొటనవేళ్ళు పాదం మీద, మిగతా వేళ్ళు అరికాలి కింద. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే అమ్మ మంచం చివర కూర్చుని అలాగే పట్టుకునేది. కుడిచేతి చూపుడువేలు పూర్తిగా వంగేది కాదు అమ్మకి, పాత దెబ్బ. ఆ వేలు ఒక్కటి నిటారుగా నా మడమకి తగలడం కూడా తెలిసింది. అప్పటికి నా పాదాల్లో స్పర్శ లేదు. పొద్దున్నే సూదితో గుచ్చి చూస్తే కిందికి చూశాను, తెలియలేదని. అలాంటి పాదాల్లో అమ్మ వేళ్ళ వేడి తెలిసింది. అమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. నాకు కనిపించలేదు, ఏమీ మాట్లాడలేదు. నీకేం కాదని కూడా అనలేదు. పట్టుకుంది, అంతే. భయం పోయింది. ఊపిరి రాలేదు, భయం పోయింది.

ఆ తర్వాత నైట్ డ్యూటీ సిస్టర్ పరిగెత్తుకొచ్చి గొట్టం బిగించింది. మెషీన్ మళ్ళీ ఊపిరి పోసింది. నన్ను బతికించింది ఆమె చెయ్యి. ఈ విషయంలో నాకు ఎప్పుడూ సందేహం లేదు, ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇప్పుడే తీర్చేసుకోండి.

పక్క మంచాల హడావుడి సర్దుకున్నాక ఆమె మళ్ళీ వచ్చింది. నా కళ్ళలో నీళ్ళు చూసి, ఏమైనా చెప్పాలా అని అడిగింది. పైకి చూశాను. ఆమె అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. "అ" అనగానే పైకి చూశాను. తర్వాత హల్లుల్లోకి వెళ్ళింది. క వరస, చ వరస, ట వరస, త వరస, అన్నిటికీ కిందికి. ప వరస అనగానే పైకి. ప, ఫ, బ, భ, మ. అక్కడ ఆగింది. "అమ్మా? అమ్మ కావాలా?" కిందికి చూశాను. ఒక్క క్షణం నా ముఖంలోకే చూసి, "అమ్మ వచ్చిందా?" అంది. పైకి చూశాను. "ఎక్కడుంది?" నా పాదాల వైపు చూశాను. ఆమె నవ్వలేదు, ఉలిక్కిపడలేదు. "మంచిది, ఉండనీ. నేనూ ఇక్కడే ఉంటాను" అని దుప్పటి నా పాదాల చుట్టూ సర్ది, ఆక్సిజన్ ఎంతుందో చూసింది, జ్వరం చూసింది, డ్యూటీ డాక్టరుకి చెప్పి కాగితం మీద రాసింది. నా మాటా విన్నది, తన పనీ చేసింది. ఒకటి చేస్తే రెండోది చెయ్యకూడదని ఆమెకి ఎవరూ చెప్పినట్టు లేదు.

పొద్దున రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరు ఆ కాగితం చదివాడు. వెనక జూనియర్లున్నారు. "ఐసీయూ డెలీరియం. వెంటిలేటర్ ఎక్కితే చాలు, పోయినవాళ్ళందరూ పలకరించడానికి వస్తారు" అన్నాడు. డెలీరియం అంటే జబ్బు తీవ్రతలో మనసు తికమకపడి, లేనివి ఉన్నట్టు అనిపించడం. వాళ్ళు నవ్వారు. నా కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆయన ఒక్కసారి వాటి వంక చూడలేదు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. పక్క మంచానికి వెళ్ళిపోయాడు. గాలి ఆగిపోయినప్పుడు కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు. ఆయన ఇచ్చిన మందులు నా ఒంట్లో ఉన్నాయి, వాటికి రెండు చేతులూ జోడిస్తాను. ఆ నవ్వుకి మాత్రం జోడించను.

కోపం ఆయనొక్కడి మీదే ఉందనుకోకండి. సంగతి ఇంట్లో తెలిశాక మా పిన్ని ఐసీయూ బయట పెద్ద గొడవ చేసింది. నోట్లోంచి వేసిన గొట్టాన్ని ఎక్కువ కాలం ఉంచకూడదని, మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కడినుంచి గాలి ఇస్తామని డాక్టర్లు అన్నారు. ట్రకియాస్టమీ అంటారు. "అక్కయ్యే స్వయంగా వచ్చి పట్టుకుంటే ఇంకా గొంతు కోయడమేమిటి? నమ్మకం లేదా మీకు?" అని మా ఆయన్ని నిలదీసిందట. ఆయన ఏమీ వాదించకుండా సంతకం పెట్టాడు. ఆ సంతకం వల్లే నేను తర్వాత మెషీన్ నుంచి కొంచెం కొంచెంగా బయటపడగలిగాను. పిన్నికి నా మీద ఉన్న ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ నా అమ్మ స్పర్శని తీసుకెళ్ళి నా వైద్యానికే అడ్డం పెట్టింది. నవ్విన డాక్టరు కంటే ఇది చిన్న తప్పని నేను అనను.

కోలుకుంటున్నప్పుడు న్యూరాలజీ మేడమ్ ఒక మధ్యాహ్నం స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పటికి మెడలో గొట్టం మూసి నాలుగు ముక్కలు మాట్లాడగలుగుతున్నాను. జరిగిందంతా చెప్పించుకుంది. నేను ఆపిన చోట తొందరపెట్టలేదు. ఈ జబ్బులో తెలివి స్పష్టంగా ఉండగానే ఇలాంటివి కలగడం వైద్యులకి తెలిసిన సంగతేనని చెప్పింది. ఫ్రాన్సులో 139 మంది జీబీఎస్ రోగుల్ని పరిశీలించి 2005లో రాశారట, దాదాపు మూడోవంతు మందికి వింత కలలో, భ్రమలో, లేనివి ఉన్నట్టు అనిపించడమో జరిగాయని. దెబ్బతిన్న నరాలు లేని స్పర్శని పుట్టించగలవని కూడా చెప్పింది. "అమ్మగారి గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదమ్మా. నరాల గురించి మాత్రం ఇది చెప్పగలను" అంది. ఆవిడ చెప్పిన ప్రతి ముక్కా నేను ఒప్పుకున్నాను. దాంతో నా నమ్మకం వీసమెత్తు కూడా తగ్గలేదు. నరాల గుండా కాకపోతే అమ్మ ఇంకెలా పట్టుకుంటుంది?

ఇక అన్నయ్య. చదువుకున్నవాడు, ఏదైనా లెక్కతో మాట్లాడతాడు. 2006లో అమెరికాలో వెలువడ్డ ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్పాడు. బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేసి, రెండు గుంపుల కోసం ప్రార్థనలు చేయించారు. ప్రార్థన వల్ల ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులేమీ తగ్గలేదు. పైగా తమ కోసం ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసినవాళ్ళలో 59 శాతం మందికి ఇబ్బందులొచ్చాయి, ప్రార్థన జరుగుతున్నా ఆ సంగతి ఖాయంగా తెలియనివాళ్ళలో 52 శాతం మందికే. నేను అది కూడా ఒప్పుకుంటాను. అయితే నేను ఆ రాత్రి ప్రార్థించలేదు, ఏదీ అడగలేదు, నాకెవరూ ఏ మాటా ఇవ్వలేదు. ఏ లెక్కలో పెడతారు దీన్ని?

నేను కూడా చదివాను. మంచంలో చేసేదేముంది కనుక. వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు భార్యో భర్తో పోయిన 293 మందిని అడిగి చూశాడు, 1971లో ప్రచురించాడు. దాదాపు సగం మందికి పోయినవాళ్ళు తమ దగ్గరే ఉన్నట్టు ఎప్పుడో ఒకప్పుడు అనిపించిందట. వాళ్ళలో ఎక్కువమందికి అది ఊరట ఇచ్చింది. అయినా చాలామంది ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అన్వేషకుడు షాకిల్టన్ 1916లో ఇద్దరు తోడు మనుషులతో అంటార్కిటికా వైపున్న సౌత్ జార్జియా దీవి మంచుకొండలు దాటుతూ, తాము ముగ్గురం కాదు నలుగురం అనిపించిందని రాశాడు. బతకాలంటే ఆగకూడని నడక అది. పక్కన ఎవరో ఉన్నారు, అంతే. అతనికీ ఏ జోస్యమూ చెప్పలేదు ఆ నాలుగో మనిషి.

గిలాన్, బారే, వాళ్ళ సహచరుడు స్ట్రోల్ ఇద్దరు సైనికుల్లో ఈ జబ్బుని చూసి వర్ణించింది కూడా 1916లోనే. చూశావా ఎలా కలిసిందో అని మా వదిన ఆశ్చర్యపోయింది. నాకు అందులో ఏమీ కనిపించలేదు. ఏళ్ళు బోలెడు, సంగతులు బోలెడు, ఎక్కడో ఒకచోట కలుస్తాయి. గడియారంలో ఒకేరకం అంకెలు కనిపిస్తే సంకేతమని నాకు మెసేజీలు పెట్టేవాళ్ళున్నారు. వెతుక్కుంటూ పోతే గోడమీద మరకలో కూడా ముఖం కనిపిస్తుంది. నేను వెతకలేదు. వెతికే శక్తి కూడా లేని చోట నాకది దొరికింది.

అన్నయ్య ప్రశ్నకి జవాబు ఇది. పాదాలు ఆఖరున తేరుకున్నాయి, ఎందుకంటే వెన్ను నుంచి పాదం దాకా వెళ్ళే నరాలే ఒంట్లో అన్నిటికన్నా పొడుగు. తెగిన నరం పోగు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నా ఎడమ పాదం ఇప్పటికీ కొంచెం ఈడుస్తుంది. అమ్మ నా పాదాలు బాగుచెయ్యడానికి వచ్చిందని నేనెప్పుడూ అనలేదు. ఆ మాట పిన్నిది. అది నిజమైందా లేదా అని నువ్వు లెక్క చూస్తున్నావు. మీ ఇద్దరూ జోస్యం గురించే పోట్లాడుకుంటున్నారు అన్నయ్యా. నేను చెప్పింది తోడు గురించి.

ఇది అతనికి ఫోన్‌లో చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చివరి నెలలన్నీ అమ్మని చూసుకున్నది నేను. పోయాక ఒక్కసారి కల్లోకి కూడా రాలేదు" అన్నాడు. ఇన్ని లెక్కల వెనకా ఉన్నది ఇదని నాకు తట్టనే లేదు. అతన్ని ఓదార్చడానికి నా దగ్గర ఏ అధ్యయనమూ లేదు. నీకు అప్పుడు అవసరం లేకపోయిందేమో అందామనుకున్నాను, అది నేను తేల్చే విషయం కాదని ఊరుకున్నాను. అమ్మ వేలి సంగతి అడిగాడు, మళ్ళీ చెప్పాను.

మీవాళ్ళెవరైనా ఐసీయూలో ఉండి ఏదో కనిపించిందనో, ఎవరో వచ్చారనో చెప్తే, ముందు వినండి. విన్న వెంటనే నర్సుకి చెప్పండి. ఇన్‌ఫెక్షన్ మొదలైనా, ఆక్సిజన్ తగ్గినా కూడా అలా జరగొచ్చు, చూడాల్సిందే. వాళ్ళ కళ్ళజోడు, వినికిడి మిషన్ దగ్గరుంచండి, ఇవాళ ఏ వారమో, ఇప్పుడు పగలో రాత్రో చెప్తూ ఉండండి. మనసు కుదురుగా ఉండటానికి అవి సాయం చేస్తాయి. వాళ్ళు ఒంటరిగా భయపడుతున్నారా, ఊరట పడుతున్నారా అడగండి. కొందరికి వచ్చేవి భయపెట్టేవి కూడా. దాన్ని పట్టుకుని ఏ మందూ ఆపకండి, ఏ సంతకమూ వాయిదా వెయ్యకండి. దేవుడి మీద నమ్మకముంటే దణ్ణం పెట్టుకోండి, నేను రోజూ పెట్టుకుంటాను, అమ్మకి కూడా.

రౌండ్స్ డాక్టరు గారూ, మీరు చెప్పింది తప్పని నేను అనడం లేదు. డెలీరియమే కావచ్చు. ఆ మాటే నా మంచం దగ్గరికి వచ్చి, నా కళ్ళలోకి చూసి, నాతో చెప్పి ఉండాల్సింది. పైకో కిందికో చూసి జవాబు చెప్పేదాన్ని.